మిస్సయిండు

గోదావరిఖనిలో ఆ రోజుల్లో ఇంగ్లిషు ఒక్క అక్షరం రానివాళ్ల నోట కూడా కొన్ని ఇంగ్లిషు మాటలు సొంత మాటల్లాగే పలికేవి. షిఫ్టు, డ్యూటీ, మస్టర్, సిక్కు. మిస్సు కూడా అట్లాంటిదే. కూరగాయల గంప దించుకుంటూ అవ్వ "పొద్దుగాల బస్సు మిస్సయింది బిడ్డా, గందుకే తోటకూర వాడిపోయింది" అనేది. నీళ్లు రాని రోజున "ఇయ్యాల నల్లా మిస్సు" అంటూ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో తిరిగొచ్చేవాళ్లు. డెబ్బైల మొదట్లో నేను అక్కడి హైస్కూల్లో ఇంగ్లిషు టీచర్ని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఒక్కోసారి సరిదిద్దాలని నాలుక దురద పెట్టేది కూడా.

నేను మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. మా నాన్న బెల్లంపల్లి గనుల్లో పనిచేసి, ఇంకా సర్వీసు ఉండగానే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అన్న తన చదువు ఆపేసి బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా చేరి నన్ను చదివించాడు. భూమి లోపల పేల్చిన బొగ్గును చెమ్మాసు అనే పారతో తట్టకెత్తి టబ్బులు నింపడం ఫిల్లర్ల పని. ఒళ్లు హూనమై ఇంటికొచ్చినా, అన్నం దగ్గర నేను బడి ముచ్చట్లు చెప్తుంటే అన్న చెవులప్పగించి వినేవాడు. సినిమా కథలైతే ఆయనే మాకు చెప్పేవాడు, పాటలు కూడా వదలకుండా.

ఒకరోజు భోజనాల దగ్గర నేను వదినకు ఆ మాట గురించి పెద్ద పాఠమే చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లలకు త్వరలో చెప్పాల్సిన పాఠంలో అది ఉంది. తరగతిలో చెప్పేముందు ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకోవడం నాకు అలవాటు.

"బస్సు అందకపోతె మిస్ అంటం. ఇసిరిన రాయి కాయకు తాకకపోతె అది గూడ మిస్సే. రాసేటప్పుడు ఒక అక్షరం మర్చిపోతె మిస్. మనోళ్లు ఎవలన్న దగ్గర లేరని మనసు గుంజితె, దాన్ని గూడ మిస్సే అంటరు" అన్నాను.

వదిన ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూసింది. "అన్నిటికి ఒక్కటే మాటనా? మనకు బస్సు అందలేదంటం, గురి తప్పిందంటం, మనిషి యాదికొస్తుండంటం. వాళ్లకు మాటల కరువున్నదా ఏంది?"

"కరువు లేదు వదినా. పోగొట్టుకుంటె ఒక మాట, ఎగ్గొడితె ఒక మాట, తప్పిచ్చుకుంటె ఇంకో మాట ఉన్నయి. అన్ని దగ్గర దగ్గరగనే ఉంటయి గని ఒకటి కాదు."

అన్న నవ్వాడు. "బాయికాడ మాకు గూడ ఉన్నయి. కావాలని ఇంట్ల పంటె నాగా. గదాన్నే ఆఫీసోళ్లు గైర్‌హాజర్ అంటరు. పోదామని ఉరికొచ్చినంక టైము దాటితె అది మిస్సు. నాగా పెట్టినోన్ని తిడుతరు. మిస్సయినోన్ని జూసి అయ్యో అంటరు."

మా క్వార్టర్ వెనక గోడ అవతల గుడిసె వేసుకుని ఒక జంట ఉండేది. అతను బదిలీ కార్మికుడు, అంటే ఇంకా పర్మినెంటు కాలేదు. రోజూ తెల్లారేసరికి బాయి దగ్గర నిలబడాలి. ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఆ జాగాలో అతన్ని లోపలికి పంపేవాళ్లు. దాన్నే మస్టర్ దొరకడం అనేవాళ్లు. అందరూ వచ్చిన రోజున సద్దిగిన్నె మూతైనా తీయకుండా ఇంటిదారి పట్టాలి. అతనిది మంచిర్యాల అవతల ఏదో పల్లె. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మా అన్న ఎదురుపడితే భుజం మీది తువ్వాలు తీసి పక్కకు నిలబడేవాడు. "నేనేమన్న దొరనా పిలగా" అని అన్న విసుక్కునేవాడు.

అతని భార్య ఇంకా చిన్నపిల్లే. చంకలో నెలల పసికందు. మా వదినను అక్కా అని, అన్నను అన్నా అని, నన్ను పంతులమ్మా అని పిలిచేది. వదినకు ఆమె చెల్లె. పొద్దెక్కినా భర్త తిరిగి రాలేదంటే ఆ రోజు పని దొరికినట్టు. అప్పుడు గోడ మీదుగా మెడ చాచి, "అక్కా, ఇయ్యాల దొరికింది" అని వదినకు చెప్పేది. చెప్పకుండా ఉండలేకపోయేది.

అది చలికాలం. ఆదివారం చర్చి అయిపోగానే అన్న మంచిర్యాలకు వెళ్లాడు. మా పెద్దమ్మ అక్కడ మంచం పట్టి ఉంది. వెళ్లేముందు, "మాపటి బండికొస్త. అందకుంటె పొద్దుగాల బండికొచ్చి అటే డ్యూటీకి పోత" అని వదినతో అన్నాడు. డ్యూటీ బట్టలు బాయి దగ్గరే పెట్టుకునేవాడు కాబట్టి ఇంటికి రావాల్సిన పని లేదు.

ఆ సాయంత్రం అన్న రాలేదు. సోమవారం పొద్దున కూడా రాలేదు. నేరుగా మొదటి షిఫ్టుకు వెళ్లి ఉంటాడని వదిన అనుకుంది, నేనూ అనుకున్నాను. నేను జడ వేసుకుంటుంటే గోడ అవతల నుంచి ఆ అమ్మాయి మొహం కనిపించింది.

"అక్కా, ఇయ్యాల దొరికింది!"

"మంచిదాయె చెల్లె" అంది వదిన, పొయ్యిలో బొగ్గు సర్దుతూ.

బడిలో మూడో పీరియడు నడుస్తుండగా బాయి సైరన్ కూత వినిపించింది. షిఫ్టు మారే వేళకు కూత మాకు గడియారం లాంటిది. వేళ కాని వేళ కూసిందంటే మాత్రం దానికి ఒక్కటే అర్థం. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా మూగబోయారు. వాళ్లలో సగం మంది తండ్రులు అప్పుడు భూమి లోపల ఉన్నారు. ముందు బెంచీలో ఒక అమ్మాయి "మా బాపుది రెండో షిఫ్టు" అని పైకి అనేసి, పక్కనున్న పిల్ల మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కూత ఆగలేదు. బడి చప్రాసీ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"టీచరమ్మా, మీ అన్న మిస్సయిండట. జల్ది పోవాలె."

నేను అతన్ని ఏమీ అడగలేదు. ఎవరు చెప్పారు, ఎక్కడ, ఎప్పుడు, ఏమీ లేదు. ఆ మాటకు అన్ని అర్థాలున్నాయని ఇంట్లో పాఠం చెప్పినదాన్ని నేనే. ఆ క్షణాన నా తలలో ఒక్క అర్థమే మిగిలింది. మనిషి కనిపించడం లేదు, దొరకలేదు. చేతిలో సుద్దముక్కతోనే రోడ్డెక్కాను. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. ఎదురొచ్చేవాళ్లు నా మొహం చూసి పక్కకు తప్పుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు.

బాయి గేటు దగ్గర జనాన్ని తాడు కట్టి ఆపారు. వదిన నేల మీద చతికిలబడి ఉంది. ఆమెకూ ఎవరో అదే మాట చెప్పారు. నన్ను చూసి "మిస్సయిండట పిల్లా" అంది, అంతే. ఆమె గొంతు నేనెప్పుడూ విననిదానిలా ఉంది. రెండు చేతులతో బొగ్గుదుమ్ము గుప్పిళ్లు పడుతూ వదులుతూ కూర్చుంది.

వదినను పట్టుకుని ఉన్నది ఆ పక్కింటి అమ్మాయే. ఒక చంకలో పసిపిల్ల, రెండో చేతిలో నీళ్ల చెంబు. తన కొంగుతో వదిన మొహం తుడుస్తూ ఉంది.

"ఏం గాదక్కా. మా ఆయన గూడ లోపట్నే ఉన్నడు. అన్నను ఇడిసిపెట్టి రాడు. తీస్కొస్తడు జూడు. జర నీళ్లు తాగు."

ఆమె ఆ మాటలు ఎన్నిసార్లు చెప్పిందో! వదిన పళ్లు బిగించుకుని ఉంటే, చెంబు అంచు పెదవులకు ఆనించి బలవంతంగా రెండు గుక్కలు పోసింది.

లోపల ఒకచోట పైకప్పు కూలిందని, ఒక మనిషి దాని కింద ఉన్నాడని గుంపులో మాట. ఒక్కడే. కూలింది మా అన్న పనిచేసే చోటేనని కూడా తెలిసింది. ఇంకేం కావాలి? నేను వదిన పక్కన కూర్చున్నాను. ఎవరో ముసలామె నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడువు బిడ్డా, ఏడిస్తె పానం తేలికైతది" అంటోంది. నాకు ఆ చెయ్యి బరువు మాత్రమే తెలుస్తోంది.

కొంతసేపటికి గుంపు వెనక అలజడి మొదలైంది. ఎవరో మనుషులను తోసుకుంటూ వస్తున్నారు. తలెత్తి చూశాను. తెల్ల అంగీ. ఆదివారాలు చర్చికి వేసుకునే టెరిలిన్ అంగీ. చెప్పులు చేతిలో పట్టుకుని మా అన్న.

"ఎవలు? లోపట ఎవలు?" అని అడుగుతున్నాడు, తన కోసమే మేం కూర్చున్నామని తెలియక.

వదిన ఆయన్ను చూసింది. చూసి, తెలియని మనిషిని చూసినట్టు మళ్లీ నేలవైపు చూపు తిప్పుకుంది. తర్వాత ఒక్క ఉదుటున లేచి రెండు చేతులతో ఆ అంగీ పట్టి గుంజింది. గుండీలు తెగిపడ్డాయి. ఆయన ఛాతీ మీద కొడుతూ ఆమె చేసిన శబ్దం ఏడుపు కాదు, మాట కాదు. ఇన్నేళ్లలో నేను మళ్లీ అట్లాంటిది వినలేదు.

అన్న జతగాడు ఒకడు తాడు దాటి పరుగున వచ్చాడు. "అయ్యో, నేను చెప్పి పంపింది గిది గాదు! డ్యూటీ మిస్సయిండు, మంచిగున్నడు, ఇంట్లోళ్లను ఫికర్ చెయ్యొద్దని చెప్పుమన్న!" అని నెత్తి కొట్టుకున్నాడు. అతను సైకిల్ మీద వెళ్లే మనిషికి చెప్పాడు. ఆ మనిషి హోటల్ దగ్గర ఇంకొకరికి చెప్పాడు. వాళ్లు చప్రాసీకి చెప్పారు. డ్యూటీ అన్న మాట ఒకచోట, మంచిగున్నడన్న మాట ఒకచోట రాలిపోయాయి. మా దాకా వచ్చింది ఆ ఒక్క మిస్సయిండు మాత్రమే. మేలు చేద్దామని పంపిన కబురు అది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పక్కింటి అమ్మాయి. "నేను చెప్పలేదా అక్కా, ఏం గాదని!" అంటూ వదినను వాటేసుకుంది. చెంబులో మిగిలిన నీళ్లు ఇద్దరి మీదా ఒలికాయి.

అన్న ఒక్కడే నవ్వలేదు. జతగాడి భుజం పట్టుకుని అడిగాడు.

"మరి నా జాగల ఎవలు పోయిండ్రు?"

జతగాడు గేటు వైపు చూశాడు. గేటు పక్కన హాజరు వేసే గుమాస్తా నిలబడి ఉన్నాడు, అతను తలవంచుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు నవ్వు ఆపేశారు. ఎవరూ ఆ అమ్మాయి వైపు చూడలేదు. అందరూ ఒకేసారి చూపులు తిప్పుకోవడం చూసి ఆమెకు ఏదో తెలిసింది.

"మా ఆయన..." అంది. "మా ఆయన ఏ జాగల పోయిండు?"

ఎవరైనా ఏదో ఒకటి చెప్తారని ఒక్కో మొహం చూస్తూ తిరిగింది. నా దగ్గరికి వచ్చింది. "పంతులమ్మా, మీరు చదువుకున్నరు గదా, అడిగి చెప్పుండ్రి" అంది. నేను ఎవర్ని అడగాలి? వదిన చేతులు ఇంకా అన్న అంగీ మీదే ఉన్నాయి. అంతవరకూ తనను ఓదార్చిన పిల్లను ఓదార్చడానికి ఆ చేతులు లేవలేదు. లేవలేకపోయాయి.

అన్న లోపలికి వెళ్తానన్నాడు. మొదట వద్దన్నారు. ఆ చోటు నాకు ఎరుకేనని గొడవపడితే, చివరికి బొగ్గు, రాళ్లు తీసేవాళ్లతో పాటు దింపారు. ఆదివారపు అంగీతోనే టోపీ దీపం పెట్టుకుని దిగాడు. పొద్దు గూకే వేళకు వాళ్లు ఆ అమ్మాయి భర్తను పైకి తెచ్చారు. దుప్పటి కప్పి ఉంది. పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, పొడుగు మనిషి కదా. ఆ అమ్మాయి పాదాలు చూసి గుర్తుపట్టింది.

అన్న అంగీ నల్లగా అయిపోయింది. వదిన దాన్ని ఉతకలేదు, పారేయలేదు. ఏం చేసిందో నేను అడగలేదు.

ఆ రెండు రోజులూ మా ఇంటికి వచ్చినవాళ్లు రకరకాలుగా మాట్లాడారు. గండం తప్పింది అన్నారు. తప్పించుకున్నడు అన్నారు. మొదట కబురు తప్పుగా వచ్చిందట గదా అని ఆరా తీశారు. చావు తప్పినోడు నూరేళ్లు బతుకుతడు అని ఒక పెద్దమనిషి దీవించాడు. ఏ మాట తీసుకున్నా అడుగున తప్పు అన్న ముక్క ఉండనే ఉంది. అప్పటిదాకా నేనది పట్టించుకోలేదు. అన్నకు మాత్రం ప్రతిసారీ అదొక్కటే వినబడుతున్నట్టు కనిపించేది. ఎవరు ఆ మాట అన్నా ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

మూడో రోజున ఆ గుడిసెకు వెళ్లాలని లేచాడు. కాలనీ పెద్దలు ఒకరిద్దరు ఆయన్ని ఆపి సలహా చెప్పారు. "ఎందుకు రాలేదని అడుగుతె జ్వరమొచ్చిందని చెప్పు. గంతకంటె ఎక్కువ చెప్పకు."

"బండి మిస్సయిందని మాకు చెప్పినవ్ గదా, గదే చెప్పరాదు" అంది వదిన.

మేం ముగ్గురం వెళ్లాం. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. పసిపిల్ల చీర ఊయలలో నిద్రపోతోంది. పల్లె నుంచి వచ్చిన ఆమె తల్లి ఊయల తాడు పట్టుకుని ఉంది. అన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ఆమె తలెత్తి చూసి అడిగింది. గొంతులో కోపం లేదు. ఇంట్లో ఉప్పు ఉందా అని అడిగినట్టు అడిగింది.

"అన్నా, ఆ పొద్దు నువ్వెందుకు రాలే?"

"బండి మిస్సయిన చెల్లె."

"ఎట్ల?"

"పెద్దమ్మను చూసినంక దోస్తుతోని సిన్మాకు పోయిన. ఆ బండి రోజు లేటొస్తది, అందుకుంటననుకున్న. గా దినం టైముకొచ్చింది. సిన్మా ఇడిసేటాళ్లకు ఎల్లిపోయింది. పొద్దుగాల బండేమో లేటొచ్చింది. అది దిగి బస్సుల వస్తుంటె కూత ఇన్న."

నేను, వదిన నివ్వెరపోయాం. సినిమా సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. ఊయల తాడు పట్టుకున్న తల్లి నోరు తెరిచి అన్న వైపు చూసింది. ఇప్పుడు ఈ పిల్ల లేచి మన్ను పోస్తుంది, శాపనార్థాలు పెడుతుంది, పెట్టనీ అనుకున్నాను. అన్న కూడా దానికే నిలబడినట్టున్నాడు.

"ఏం సిన్మా అన్నా?" అంది ఆమె.

అన్నకు అర్థం కాలేదు. "ఏంది చెల్లె?"

"ఏం సిన్మా చూసినవ్?"

అన్న సినిమా పేరు చెప్పాడు. ఆమె తల ఊపింది.

"గదా? ఆయన గూడ నన్ను దానికే తీస్కపోతనన్నడు. బాగున్నదా?"

మా అన్న గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె జవాబు కోసం ఆయన వైపే చూస్తోంది. నిజంగానే తెలుసుకోవాలని చూస్తోంది. ఆ చూపు నేను ఇప్పటికీ తట్టుకోలేను. చివరికి ఆమె తల్లే "పోండ్రి కొడుకా, ఇగ పోండ్రి" అని మమ్మల్ని పంపించేసింది.

ఆ ఆదివారం చర్చిలో పాటలయ్యాక సంఘ పెద్ద లేచి, "దేవుడు మన తమ్ముణ్ని మృత్యువు నుంచి తప్పించాడు, ఆయన లేచి సాక్ష్యం చెప్తాడు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. అన్న లేచాడు. ఎప్పుడూ పదిమందిలో మాట్లాడిన మనిషి కాదు. ముందు బల్ల అంచు పట్టుకున్నాడు.

"నన్ను దేవుడు తప్పిచ్చిండని అందరంటున్నరు. గట్లయితె ఆ పిలగాన్ని నా జాగల నిలబెట్టింది ఎవలు? నాకు తెల్వది. తెల్వనిదానికి నేను సాక్ష్యం చెప్ప."

కూర్చున్నాడు. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. సంఘ పెద్ద బైబిల్ తెరిచి, పేజీ దొరకనట్టు చాలాసేపు తిప్పి, ఇంకో పాట పాడదామన్నాడు.

నేను బడికి తిరిగి వెళ్లేసరికి ఎనిమిదో తరగతిలో ఆ పాఠం నాకోసం కాచుకుని ఉంది. వదిలేద్దామనుకున్నాను, కానీ పరీక్షలున్నాయి. బోర్డు మీద ఆ మాట రాసి అర్థాలు చెప్పాను. బస్సు అందకపోవడం, గురి తప్పడం, ప్రమాదం నుంచి వెంట్రుకవాసిలో బయటపడటం, మనిషి లేని లోటు తెలియడం. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు. కాలనీలో జరిగిందంతా వాళ్లకు తెలుసు. ముందు బెంచీ అమ్మాయి మెల్లగా లేచింది.

"టీచర్, మిస్సయితె మంచిదా, చెడ్డదా?"

ఏ మాటకైనా అర్థం అడిగితే చెప్పగలనన్న ధీమా నాకుండేది. చెయ్యి బోర్డు మీదే ఉండిపోయింది. "కూర్చో" అని మాత్రం అనగలిగాను.

కొన్ని నెలలకు ఆ అమ్మాయికి దవాఖానలో ఆయా పని ఇచ్చారు. తల్లి వచ్చి పిల్లను చూసుకునేది. ఆమె పొద్దున తెల్లచీర కట్టుకుని మా వాకిలి ముందు నుంచే వెళ్లేది, కానీ మా ఇంటి వైపు తల తిప్పేది కాదు. గోడ మీద ఆమె మొహం మళ్లీ కనిపించలేదు. వదిన దానికి కుమిలిపోయేది. "నా మొగడు బతికిండని నా మీద కోపం. ఉండదా మరి?" అనేది. వండిన కూర ఏదైనా గిన్నెలో పెట్టి పంపిస్తే తల్లి తీసుకునేది. గిన్నె కడిగి తిరిగొచ్చేది. ఆమె మాత్రం వచ్చేది కాదు.

అన్న పని మానలేదు. మానితే తినేదెట్లా? కానీ ఆ బాయిలో దిగలేకపోయాడు. పైన తిరిగే పనులు కొన్నాళ్లు చేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి కాసిపేట వైపు గనికి బదిలీ చేయించుకున్నాడు. సినిమా కథలు చెప్పడం ఎప్పుడో మానేశాడు. మేం అడగనూ లేదు.

మేం ఇల్లు ఖాళీ చేసే రోజున సామాను ఎడ్లబండికి ఎత్తుతున్నాం. రామగుండం స్టేషన్ దాకా బండిలో, అక్కడినుంచి రైల్లో పోవాలి. నేను కూడా వాళ్లతోనే వెళ్తున్నాను, మందమర్రిలో బడి దొరికింది. అన్న ముందే స్టేషన్‌కు వెళ్లాడు. వదిన పొయ్యిలో బూడిద ఎత్తి వాకిలి ఊడుస్తుంటే ఆ అమ్మాయి వచ్చింది. డ్యూటీకి పోయే తెల్లచీరలోనే ఉంది. చేతిలో బట్టలో చుట్టిన జొన్నరొట్టెలు.

"తొవ్వల తినుండ్రి" అంది.

వదిన చీపురు కింద పడేసి ఏడ్చింది. "నా మీద కోపం పోయిందా చెల్లె?"

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "కోపమా? నీ మీద నాకెందుకక్కా కోపం?"

"మరి గిన్ని దినాలు మా మొకం సూడలేదు గదా."

బండి ఎడ్లు తలలు విదిలించాయి, గంటలు మోగాయి. ఆమె తలవంచుకుని చెప్పింది.

"నేను రోజు పోశమ్మకు మొక్కేదాన్నక్కా. ఆయన ఇంట్లకెల్లి కాలు బయట పెట్టంగనే మొక్కేదాన్ని. తల్లీ, ఇయ్యాల ఎవలో ఒకలు నాగా పెట్టాలె, ఎవలో ఒకలు రాకుండ గావాలె, మా ఆయనకు మస్టర్ దొర్కాలె అని. ఆ పొద్దు గూడ మొక్కిన. అన్న రాలే. మొక్కు ఫలించింది. ఇగ మీకు నా మొకమెట్ల జూపెట్టాలె?"

వదిన ఏడుపు ఆగిపోయింది. ఇన్ని నెలలుగా మా వాకిలి ముందు తల తిప్పకుండా నడిచింది ఈ బరువుతోనా? ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, భర్తకు పని దొరకాలని కోరుకున్నందుకు తనే అతన్ని చంపుకున్నానని నమ్మి తిరుగుతోంది. ఆ మాట తప్పని చెప్పడానికి నాకు తెలిసిన రెండు భాషల్లోనూ ఏమీ తోచలేదు. వదినే ముందుకు నడిచి ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది. వీపు నిమురుతూ నిలబడింది. అట్లా ఎంతసేపు నిలబడ్డారో, బండివాడు రైలు టైమవుతోందని రెండుసార్లు కేకేశాడు.

కాసిపేటలో ఉన్నన్నాళ్లూ వదిన ఏటా ఒకసారి గోదావరి దాటి ఆమె దగ్గరికి వెళ్లొచ్చేది. వెళ్లినప్పుడల్లా రెండు రోజులు ఆ గుడిసెలోనే ఉండేది. ఆ తర్వాత ఆమెకు క్వార్టర్ ఇచ్చాక ఆ క్వార్టర్లో. వాళ్లేం మాట్లాడుకునేవాళ్లో మాకు చెప్పలేదు. అన్న కూడా అడిగేవాడు కాదు. పిల్ల నడుస్తోందా, పిల్ల బడికి పోతోందా అని మాత్రం అడిగి, వదిన చెప్పింది విని, చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లేవాడు.